వానలో చూసిన ఇల్లు

మొన్న మా వెనక గోడ మరమ్మతుకి వచ్చిన తాపీ మేస్త్రి పని మధ్యలో ఆపి వీధి మెట్ల మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగి, మెట్లని ఒకసారి, వీధిని ఒకసారి చూసి, "ఈ ఇల్లు మీకు ఎవరు చూపించారండీ?" అని అడిగాడు.

ఎందుకు అడుగుతున్నావంటే, "ఈ వీధిలో అన్ని ఇళ్ళకీ పునాది మోకాలి దాకానే ఉందండి. మీదొక్కటే నడుం దాకా ఉంది. తమ్మిలేరు పొంగినప్పుడు చుట్టూ అంతా నీళ్ళేగా. ఎవరో తెలిసినవాళ్ళు చూసి కొనిపించి ఉంటారు" అన్నాడు.

తెలిసినవారే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన రాసిన ప్రతి దస్తావేజు అడుగునా ఆయన పేరు ఉంటుంది. నేను మాత్రం ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. పంతులుగారూ అనేదాన్ని. ఇక్కడా అలాగే అంటాను.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన మూడు నాలుగేళ్ళ తరవాతి సంగతి. ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసు ముందు తాటాకు పందిరి ఒకటి ఉండేది. దాని కింద అయిదారుగురు లేఖర్లు చాపలు పరుచుకుని, ఒళ్ళో రాత పెట్టెలు పెట్టుకుని కూర్చునేవారు. ఇల్లయినా పొలమయినా చేతులు మారాలంటే ముందు వాళ్ళలో ఒకరి చేత స్టాంపు కాగితం మీద దస్తావేజు రాయించుకోవాలి. పంతులుగారు అందరికంటే చివర, పందిరి ఎండ ఆపలేని చోట కూర్చునేవారు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉండేవారు. ఏ కాలమైనా అదే నల్ల కోటు, అదే గొడుగు. రాయడం ఆపినప్పుడల్లా కలం పాళీని కుడి చెవి మీది జుట్టుకి తుడుచుకునేవారు. తలంతా నెరిసినా అక్కడ మాత్రం నల్లగానే ఉందని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన నవ్వేవారు కాదు, కోప్పడేవారూ కాదు.

దస్తావేజు పూర్తయ్యాక పైకి చదివి వినిపించడం ఆనవాయితీ. మిగిలిన లేఖర్లు గబగబా చదివేసేవారు. ఈయన హద్దుల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, తూర్పు ఫలానా వారి పెంకుటిల్లు, దక్షిణం ఫలానా వారి నడవ అని, చేత్తో ఆ దిక్కుకేసి చూపిస్తూ చదివేవారు. చదవడం అయ్యాక అమ్మినవాళ్ళ వైపు తిరిగి ఒక మాట అడిగేవారు.

"ఇకమీదట ఆ ఇంటికి వెళ్ళాలంటే మీరు తలుపు తట్టి వెళ్ళాలండి. తెలుసు కదా?"

చాలామంది నవ్వేసి వేలిముద్ర వేసేవారు. ఒకసారి పెదపాడు వైపు నుంచి వచ్చిన ముసలావిడ ఆ మాట విని, ముద్ర వెయ్యడానికి చాచిన వేలు వెనక్కి తీసుకుంది. కొంగుతో వేలిమీది సిరా తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. కొనడానికి వచ్చినాయన పంతులుగారి మీద విరుచుకుపడ్డాడు. "అడగవలసిందే కదండీ" అని మాత్రం అన్నారాయన.

కొనేవాళ్ళకి వేరే ప్రశ్న ఉండేది. "వానలో చూశారా?" లేదంటే రాసేవారు కాదు. అందుకే ఆయన దగ్గరికి బేరాలు తక్కువగా వచ్చేవి.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది కొనడానికే. అప్పటికి నాకు ముప్పై దాటాయి. మిషను వారి ఆడపిల్లల బడిలో టీచరుగా చేస్తున్నాను. పెళ్ళి కాలేదు. అమ్మా నేనూ ఇద్దరమే.

మా నాన్న కొల్లేటి లంకలో మిషను వారి తరఫున ఉపదేశిగా, బడి పంతులుగా ఉండేవారు. ఏటా కొల్లేరు నిండగానే నీళ్ళు మా గుమ్మం ఎక్కేవి. అమ్మ బియ్యపు కుండని అటక మీదికి ఎక్కించి, మంచం మీద పొయ్యి పెట్టుకుని వండేది. అయినా అది మా ఇల్లే అనుకునేదాన్ని. నాన్న పోయిన నెలకే కొత్త ఉపదేశి వస్తున్నారని కబురు వచ్చింది. ఇల్లు ఉద్యోగానిదని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, వాళ్ళకి అప్పగించి బయటికి వచ్చింది. కొత్తావిడ పొయ్యి ఎక్కడుందని అడిగితే చూపించింది కూడా.

ఆ తరవాత ఏలూరులో తొమ్మిదేళ్ళలో అయిదు ఇళ్ళు మారాం. ఒక ఇంటివారు తమ అమ్మాయి పురిటికి వస్తోందన్నారు. ఒకరికి మా ఎండుచేపల వాసన పడలేదు. ఒకరికి పొద్దున్నే అమ్మ పాడుకునే కీర్తనలు పడలేదు. ఒకరు, పెళ్ళికాని పిల్లవి, పోస్టుమాను మరీ తరచు వస్తున్నాడమ్మా అన్నారు. వచ్చేవి బడి ఉత్తరాలే. అందరూ మెత్తగానే చెప్పేవారు. "ఏవండీ టీచరుగారూ, మీకేం తొందర లేదండి" అనేవారు. ఆ మాట విన్నామంటే మర్నాడు బండి మాట్లాడుకోవలసిందే. చివరి రెండు ఇళ్ళలో అమ్మ పెట్టె ఖాళీ చెయ్యనే లేదు. కావలసినవి పైపైన తీసుకుని మళ్ళీ మూసేది. "మళ్ళీ సర్దాలి కదే" అనేది.

నేను చూసుకున్న ఇల్లు ముచ్చటగా ఉంది. నీలం తలుపులు, సున్నం కొట్టిన గోడలు, గుమ్మం పక్క విరజాజి పందిరి. వైశాఖంలో పంతులుగారి దగ్గరికి వెళ్ళి దస్తావేజు రాసిపెట్టమన్నాను.

"వానలో చూశారా అండీ?"

"వైశాఖంలో వాన ఎక్కడిదండీ?"

"అయితే ఆగండి."

పక్కనున్న లేఖరి ఈ మాటలు విని, "ఆయనతో పెట్టుకుంటే మీరు ఇల్లు కొన్నట్టేనండి. ఇటు రండి, నేను రాస్తాను" అన్నాడు. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "నీళ్ళ సంగతి తెలిసిన మనిషిలా ఉన్నాడు. ఆగు" అంది. ఆగాను.

ఆషాఢంలో ముసురు పట్టిన మూడో రోజున, ఆదివారం ఆరాధన నుంచి బయటికి వచ్చేసరికి ఆయన గుడి ఎదురుగా రోడ్డు అవతల గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. "రండి, చూద్దాం" అన్నారు.

నీలం తలుపుల ఇంటి ముందు నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. లోపల మాత్రం పొడిగానే ఉంది. నాకు సంతోషమేసింది. ఆయన ఒక మూల వంగి, జేబులోంచి తాళంచెవి తీసి గోడ సున్నాన్ని మెల్లిగా గీకారు. తెల్ల సున్నం కింద, మోచేతి ఎత్తున, గోధుమరంగు చార ఒకటి బయటపడింది. మరోచోట గీకారు. అక్కడా అంతే ఎత్తున ఉంది.

"ఇది తమ్మిలేరు వచ్చి వెళ్ళిన చారండి. ఏటేటా రాదు. వచ్చిన ఏడు మాత్రం అమ్మగారి మంచం మునుగుతుంది" అన్నారు.

వైశాఖం నుంచీ మనసులో పెట్టుకున్న ఇల్లు అలా పోయింది. ఆయన గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, "ఇంకొకటి ఉంది. చూస్తారా?" అన్నారు. అడగాలా వద్దా అని తనలో తనే తర్జనభర్జన పడ్డట్టు అడిగారు.

ఆ రెండో ఇల్లే ఈ ఇల్లు. నల్లబడిన పెంకులు, ఇరుకు గదులు, ఒక కిటికీకి రెక్క లేదు. వీధిలో నీళ్ళు ఉన్నా ఇంటికి అయిదు మెట్లున్నాయి. నీళ్ళు మొదటి మెట్టుని తాకి ఆగాయి. పంతులుగారు ఎవరినీ అడక్కుండా గడియ ఎటు తిప్పాలో తెలిసినట్టు తిప్పి లోపలికి నడిచారు. "ఇది పడకగది. గాలి దక్షిణం నుంచి వస్తుంది. అది వంటిల్లు. పొగ నిలవదు" అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయారు. లోపలికి తొంగి చూసి పక్కకి తప్పుకున్నారు. అది ఆచారం కాబోలు అనుకున్నాను.

"అందంగా లేదు కదండీ?" అని అడిగారు.

"లేదండి."

"అందం తరవాత మీరు పెట్టుకోవచ్చండి. ఎత్తు పెట్టుకోలేరు."

దస్తావేజు రాసిన రోజు ఒకచోట ఆయన కలం ఆగింది. కొన్నవాళ్ళు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసిందని అందరి దస్తావేజుల్లోనూ ఉంటుంది. పాళీ జుట్టుకి తుడుచుకుని, నా వైపు చూడకుండా, "ఈ మాట ఉంచమంటారా?" అని అడిగారు. ఆ అడగడంలో ఎగతాళి లేదు, జాలీ లేదు. మీ ఇష్టమండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, 'మీరునూ, మీ తదనంతరం మీరు కోరినవారునూ' అని రాశారు. మా బడి పెద్దలు గాని, మా బంధువులు గాని నా ముందు రోజుల గురించి అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు.

కాగితం చేతికిస్తూ ఇంకో మాట కూడా చెప్పారు. "మొదటి ఏడాది పొరపాటు చేశామనిపిస్తుందండి. అందరికీ అనిపిస్తుంది. వచ్చి నాతో చెప్పుకుంటారు. పదో ఏడు వచ్చేవాళ్ళు ఎవరూ లేరు."

ఆయన అన్నట్టే అయింది. ఆ ఏడాది పెంకులు కారాయి. కిటికీ రెక్కకి వడ్రంగి మూడుసార్లు తిప్పించుకున్నాడు. చేతిలో ఏమీ మిగల్లేదు. అద్దె ఇంట్లో ఇవన్నీ ఇంకొకరి తలనొప్పి కదా అని ఏడుపొచ్చింది. అమ్మకి మాత్రం అలాంటి దిగులేమీ లేదు. మధ్యాహ్నాలు వీధి మెట్ల మీద, పైనుంచి రెండో మెట్టున కూర్చుని నీళ్ళ కావిళ్ళవాళ్ళతో మాట్లాడేది. మూడో నెలలో ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పెట్టె అడుగు దాకా ఖాళీ చేసి పెరట్లో ఎండకి బోర్లించింది. నాన్న చొక్కా ఒకటి దండెం మీద ఆరుతోంది. పదేళ్ళుగా అది ఆ పెట్టెలో ఉందని నాకు తెలియదు.

పంతులుగారు ఏటా మొదటి పెద్ద వానకి వచ్చేవారు. వీధిలోనే నిలబడి, "ఎన్నో మెట్టండీ?" అని అడిగేవారు. "ఒకటో మెట్టేనండి" అనేదాన్ని. ఒక ఏడు రెండు అన్నాను. తల ఊపి అరుగు మీద కాసేపు కూర్చునేవారు. మా ఇంట్లో నీళ్ళు పుచ్చుకునేవారు కాదు. ఆయన ఆచారం నాకు తెలుసు. నేనూ ఇస్తాననేదాన్ని కాదు. అమ్మ లోపల్నుంచి కుశలం అడిగేది. ఆయన గోడకేసి చూస్తూ జవాబు చెప్పేవారు. పట్టుమని పది నిమిషాలు ఉండేవారు కాదు.

రెండేళ్ళకి అమ్మ పోయింది. తొందర పడకుండా, నెలా పదిహేను రోజులు మంచం పట్టి, దక్షిణపు గాలి వచ్చే గదిలో పోయింది. లేవమని, ఇంకెక్కడికైనా తీసుకెళ్ళమని మాతో ఎవరూ అనలేదు. సంఘం వాళ్ళు వచ్చి పాటలు పాడారు. ఎంత గట్టిగా పాడినా అడిగేవాళ్ళు లేరు.

మూడో నాడు పంతులుగారు వచ్చారు. అరుగు మీద కూర్చుని, "ఇంట్లోనేనా?" అని అడిగారు.

"ఇంట్లోనేనండి."

"ఏ గదిలో?"

చెప్పాను. ఆయన లేచి, చెప్పులు విడిచి, మేం కాపురం పెట్టాక మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చారు. ఆ గదిలో మంచం తీసేసిన చోట కాసేపు నిలబడ్డారు. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాక, నేను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

ఈ ఇల్లు ఆయన తన కోసం చూసుకున్నదే. భార్యని తీసుకొచ్చి చూపించారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఇక్కడ పెట్టుకుంటానని చేత్తో చోటు చూపించింది. వాళ్ళకి పిల్లలు లేరు. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె వాటాల్లోనే కాపురం. కరివేపాకు రెబ్బ కావాలన్నా ఇంటివాళ్ళ చెట్టు దగ్గరికి వెళ్ళి అడగవలసి వచ్చేది. కొనేద్దామంది. ఈయన శ్రావణం వెళ్ళనీ అన్నారు. ఆ పైన సంక్రమణం వెళ్ళనీ అన్నారు.

"లోకంలో ఉన్న తగాదాలన్నీ నేను రాసిన కాగితాల్లోనే చూశానండి. అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక లొసుగు కనిపించేది. దీంట్లో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమేమిటా అని భయపడ్డాను" అన్నారు.

ఆ చలికాలంలో ఆవిడకి జబ్బు చేసింది. తగ్గదని వైద్యుడు చెప్పిన రోజు సాయంత్రమే ఇంటివాళ్ళు వచ్చారు. మెత్తగానే మాట్లాడారట. అద్దెకున్నవాళ్ళు ఇంట్లో పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి, పిల్ల పెళ్ళి పెట్టుకున్నాం, మీకు తెలియనిదేముంది పంతులుగారూ అన్నారట. తాడేపల్లిగూడెంలో ఆవిడ తమ్ముడున్నాడు. కాలవ మీద పడవ మాట్లాడుకుని, పరుపు వేసి, ఆవిడని పడుకోబెట్టి బయల్దేరారు.

"భీమడోలు ఇంకా రాలేదండి. ఎండ పడుతోందంటే గొడుగు పట్టాను. కళ్ళు తెరిచి, ఇది ఎవరి ఇల్లండీ అని అడిగింది. పడవని చెప్పాను. మనదేనా అంది."

మీరేం చెప్పారని నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. పాళీ లేకపోయినా చెయ్యి చెవి పైకి వెళ్ళి జుట్టు సవరించుకుంది.

"మరి తరవాతైనా మీరు ఇది కొనుక్కోవలసింది కదండీ" అన్నాను.

"ఎవరి కోసమండీ?" అన్నారు. లేచి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

అమ్మ పోయాక ఈ ఇంట్లో నాకు పొద్దు పోయేది కాదు. అద్దె ఇళ్ళలో ఇరుగుపొరుగు గొడవలతో కాలం జరిగిపోయేది. ఇక్కడ ప్రతి మూలా నాదే, ఏ మూల నుంచీ పలకరింపు లేదు. రిజిస్ట్రారు ఆఫీసు మీదుగా వస్తూ పందిరి కేసి చూసేదాన్ని. ఆయన చివర ఎండలో కూర్చుని ఎవరిదో ఇంటి హద్దులు రాస్తూ కనిపించేవారు. నేను నమస్కారం పెడితే కలం ఎత్తేవారు. రోజు మొత్తంలో అదొక్కటే పలకరింపుగా వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆయనకీ అంతే అయి ఉంటుంది.

పెద్ద యుద్ధం మొదలవడానికి ముందటి ఏడు, మాఘమాసంలో ఒక పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే మా ఇంటి ముందు జట్కా ఆగింది. పంతులుగారు రాత పెట్టె, చిన్న మూట పట్టుకుని దిగారు. మనిషి సగమయ్యారు. మెట్లు ఎక్కలేక మూడో మెట్టు మీదే కూర్చుండిపోయారు. దగ్గు తగ్గేదాకా ఆగి మాట్లాడారు.

"మా ఇంటాయన ఏమీ అనలేదండి. అనే అవసరం రాకుండా వచ్చేశాను. నిన్న నా గది గుమ్మంలో నిలబడి, తాడేపల్లిగూడెం బండి ఎన్నింటికి పంతులుగారూ అని అడిగారు. ఆయనకి అక్కడ ఎవరూ లేరు. ఉన్నది నాకే."

"లోపలికి రండి" అన్నాను.

"కాసేపు కూర్చుని స్టేషనుకి వెళ్తానండి."

"మీరు స్టేషను దాకా వెళ్ళలేరు. రండి."

"నలుగురూ మిమ్మల్ని ఏమైనా అంటారేమో."

"అద్దెకున్న రోజుల్లో నలుగురి మాటా విన్నానండి. ఇంక అక్కర్లేదు."

చెయ్యి అందించాను. పట్టుకోవాలా వద్దా అని ఒక్క క్షణం చూసి పట్టుకున్నారు. బడికి సెలవు చీటీ పంపించాను. అమ్మ గదిలోనే పడుకోబెట్టాను.

మొదటి రెండు రోజులూ ఆయన ఎప్పుడూ తినే పూటకూళ్ళమ్మ దగ్గరి నుంచి భోజనం వచ్చింది. మూడో రోజు, ఆ ఇంటికి పంపనని ఆవిడ కబురు చేసింది. నేను జావ కాచి, గ్లాసు ఆయన పక్కన పెట్టి బయటికి వచ్చేశాను. చాలాసేపయ్యాక వెళ్ళి చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది. బావమరిదికి ఉత్తరం రాస్తానంటే వద్దన్నారు. నాకు తోచక ఆయనకి చెప్పకుండానే రాశాను.

రోజూ పొద్దున నేను తలుపు తియ్యగానే అదే ప్రశ్న.

"ఇవాళ్టికి ఉండొచ్చాండీ?"

"ఉండండి పంతులుగారూ."

మర్నాడు మళ్ళీ అంతే. ఎన్ని రోజులైనా ఉండమని ఒకసారి అన్నాను. ఆ మర్నాడు మళ్ళీ అడిగారు.

ఆరో రోజు పొద్దున తలుపు తీసేసరికి మేలుకునే ఉన్నారు. మొహం కాస్త తేటగా ఉంది. జవాబు చెప్పడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన అడగలేదు.

"టీచరమ్మా, ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యి. ఎండ కళ్ళలో పడుతోంది" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నాతో 'నువ్వు' అన్నట్టు మాట్లాడడం అదే మొదలు. కిటికీ వేశాను. వేశాక అక్కడే కాసేపు అటు తిరిగి నిలబడ్డాను. ఆయన పక్కకి ఒత్తిగిలి పడుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి నేను జావ తీసుకువెళ్ళేసరికి పోయారు.

తాడేపల్లిగూడేనికి తంతి ఇచ్చాను. కబురు తెలిసి పందిరి కింది లేఖర్లు నలుగురూ వచ్చారు. ఒకప్పుడు ఆయన్ని వేళాకోళం చేసినవాళ్ళే వంతులవారీగా అరుగు మీద కాపలా కూర్చున్నారు. బావమరిది మర్నాడు పొద్దుటి బండికి దిగాడు. అరవై దాటిన మనిషి. మా గుమ్మం మీది సిలువని చూసి వీధిలోనే ఆగిపోయాడు. నేను మెట్లు దిగి ఎదురు వెళ్ళాను. ఆయన నా మొహంలోకి చూడలేక అరుగు కేసి, దాని మీదున్న రాత పెట్టె కేసి చూశాడు.

"బస ఖాళీ చేసేశాడని ఉత్తరం నిన్ననే అందిందమ్మా. నేను రావలసింది" అన్నాడు. పై కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎక్కడ పోయాడు మా బావ? మా అక్కలాగే దారిలోనా?"

"కాదండి" అన్నాను. "ఇంట్లోనే."